సాల్మన్‌కి గాలం ఎక్కడ వేయాలి: రేవు మీదా, పడవలోనా, వెస్ట్‌పోర్ట్ చార్టర్‌లోనా, కెనడాలోనా?

ఆగస్టు దగ్గర పడితే సియాటెల్, బెల్‌వ్యూ, రెడ్మండ్ చుట్టుపక్కల తెలుగువాళ్ల మధ్య ఒకటే మాట: "సాల్మన్ ఎక్కడ బాగా పడుతున్నాయి?" అడగాల్సిందే, కానీ అంతకంటే ముందు తేల్చుకోవాల్సింది ఇంకొకటి ఉంది. సాల్మన్ గాలానికి పడటం వేరు, పడినదాన్ని ఇంటికి తెచ్చుకోవడం వేరు. ఒకే రోజు, ఒకే రకం చేప, సముద్రం మీద గీసిన గీతకి ఇవతల పడితే పులుసులోకి, అవతల పడితే తిరిగి నీళ్లలోకి. అందుకే చేపలు ఎక్కువున్న చోటు కంటే, మీరూ మీ వెంట వచ్చేవాళ్లూ తెల్లవారుజామున ఐదింటికి నిద్రమత్తులో కూడా తప్పకుండా పాటించగల నిబంధనలున్న చోటు ఎంచుకోండి. సియాటెల్ నుంచి వెళ్లగలిగే నాలుగు దారుల్నీ ఆ కొలతతోనే చూద్దాం.

ఇన్ని ఆంక్షలు ఎందుకు

సియాటెల్ పక్కనున్న సముద్రపు పాయ పుగెట్ సౌండ్‌కి చెందిన చినూక్ రకం సాల్మన్‌ని 1999లో అమెరికా ప్రభుత్వం ముప్పులో ఉన్న జాతుల జాబితాలో చేర్చింది. అంతకు ముందే, 1974లో వచ్చిన బోల్ట్ తీర్పు ప్రకారం, పట్టుకోదగ్గ సాల్మన్‌లో సగం మీద ఒప్పందాలు చేసుకున్న స్థానిక తెగలకు హక్కు ఉంది. మిగిలిన సగంలోంచే వాణిజ్య పడవలకూ, సరదాకి గాలం వేసే మనకూ వాటా. ప్రతి వసంతంలో రాష్ట్రమూ తెగలూ కూర్చుని ఆ ఏటి సీజన్లు ఖరారు చేస్తాయి. ఆరెగాన్‌లోని కేప్ ఫాల్కన్‌కి ఉత్తరాన ఉన్న నీళ్ల గురించి కాబట్టి ఆ చర్చలకు నార్త్ ఆఫ్ ఫాల్కన్ అని పేరు. అంటే నిరుడు చెల్లిన నిబంధన ఈ ఏడు చెల్లకపోవచ్చు, సీజన్ మధ్యలో కోటా నిండితే రాత్రికి రాత్రి మూసెయ్యొచ్చు కూడా.

ఇక్కడ ఒక చిన్న మెలిక ఉంది. వాషింగ్టన్ లైసెన్సు ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 దాకా. నిబంధనల పుస్తకం మాత్రం జూలై 1 నుంచి జూన్ 30 దాకా. మేలో కొన్న లైసెన్సు జూలైలోనూ చెల్లుతుంది, మేలో చదివిన పుస్తకం చెల్లదు.

పులస తెలిసినవాళ్లకి సాల్మన్ జీవితం కొత్తగా ఉండదు. అదీ సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి ఏరెక్కే చేపే. తేడా రుచిలో ఉంది. పులసకి గోదావరి ఎర్రనీళ్లు తగిలితేనే విలువ. సాల్మన్ దీనికి తిరగబడి ఉంటుంది, ఏట్లోకి ఎక్కేకొద్దీ కండ పాలిపోయి చప్పబడుతుంది. అందుకే అందరి గాలాలూ ఉప్పునీళ్ల మీదే ఉంటాయి. అన్నట్టు, మన దగ్గర ఇండియన్ సాల్మన్ అని అమ్మే రావస్‌కీ దీనికీ చుట్టరికం లేదు.

ఏ దారి ఎంచుకున్నా ముందు నేర్చుకోవాల్సింది

చేపను గుర్తుపట్టడం. నిబంధనలన్నీ రకాన్ని బట్టే ఉంటాయి, గుర్తుపట్టడం రాకపోతే వాటిని కంఠతా పట్టినా లాభం లేదు.

నోరు తెరిచి కింది దవడ చూడండి. పళ్ల మొదట్లో చిగురు నల్లగా ఉంటే చినూక్. దాన్నే కింగ్ అని కూడా అంటారు. నోరు నల్లగా ఉన్నా పళ్ల మొదట్లో చిగురు తెల్లగా ఉంటే కోహో. ఇప్పుడు తోక: చినూక్‌కి తోక పైభాగం మీదా కిందిభాగం మీదా మచ్చలుంటాయి, కోహోకి పైభాగంలోనే. తోక నిండా కోడిగుడ్డు ఆకారంలో పెద్ద పెద్ద మచ్చలుండి, పొలుసులు బాగా చిన్నగా ఉంటే అది పింక్. మచ్చలు అసలు లేకపోతే చమ్ గానీ సాకై గానీ. తోక మచ్చల్ని మాత్రమే నమ్ముకోకండి, వెలుగు తక్కువున్నప్పుడు వెండిమెరుపులో మచ్చలు కలిసిపోతాయి. చిగురు, తోక రెండూ చూసి తేల్చుకోండి.

తర్వాత చూడాల్సింది అడిపోస్ ఫిన్. వీపు రెక్కకీ తోకకీ మధ్య, చిటికెన వేలి కొన అంత, ఎముకలేని మెత్తటి రెక్క అది. చేపపిల్లల్ని పెంచే హ్యాచరీలో పిల్లగా ఉన్నప్పుడే దాన్ని కత్తిరించి వదులుతారు, కాబట్టి అది లేని చేప హ్యాచరీది, ఉన్నదాన్ని ఏట్లో సహజంగా పుట్టిన వైల్డ్ చేప కింద లెక్కిస్తారు. పుగెట్ సౌండ్‌లో చినూక్ ఉంచుకోవాలంటే దాదాపు ఎప్పుడూ ఆ రెక్క లేకుండా ఉండాలి. రెక్క ఉండాల్సిన చోట మానిపోయిన మచ్చ ఉంటేనే కత్తిరించినట్టు లెక్క. పచ్చిగాయం కనిపించే చేప మీ పెట్టెలో ఉంటే తనిఖీ అధికారి మొదటి ప్రశ్న దాని గురించే అడుగుతాడు.

ఈ చూడటమంతా చేప నీళ్లలో ఉండగానే జరగాలి. ఉంచుకోకూడని సాల్మన్‌ని పడవలోకి ఎక్కించడమే నేరం. ఎక్కించడమంటే పడవ అంచు దాటించి లోపలికి తేవడం. ఫొటో తీసి వదిలేశానన్నా కుదరదు. పద్ధతి ఇది: చేపను పడవ పక్కకి తెచ్చాక తంతిని చేత్తో పట్టుకుని తల నీటిమట్టానికి తీసుకురండి. పక్కకి వాలగానే వీపు బయటపడుతుంది, రెండు సెకన్లు చాలు. రెక్క ఉంటే కొక్కెం కాడని పొడవాటి పటకారుతో పట్టి కిందికి తిప్పండి. ఎదురుముల్లు లేని కొక్కెం కాబట్టి చేప బరువుకే జారిపోతుంది. వల ముంచాల్సి వస్తే ముడులు లేని రబ్బరు వలే వాడండి. ముడుల వల పొలుసుల్నీ జిగురునీ గీరేస్తుంది, ఆ గాయాలతో వదిలిన చేప తర్వాత చచ్చిపోవచ్చు.

ఆ ఎదురుముల్లు గురించి ఇంకాస్త. వాషింగ్టన్ ఉప్పునీళ్లలోనూ బ్రిటిష్ కొలంబియాలోనూ సాల్మన్‌కి ఎదురుముల్లు లేని కొక్కేలే వాడాలి. కొత్త కొక్కేలు కొననక్కర్లేదు, ఉన్నవాటి ముల్లుని పటకారుతో నొక్కి పూర్తిగా చదును చేస్తే చాలు. సరిగ్గా చదునైందో లేదో తెలియాలంటే పాత కాటన్ గుడ్డలోకి గుచ్చి వెనక్కి లాగండి. దారం లేచిందంటే ఇంకా నొక్కాలి. చాలామంది జారేది ఇంకో చోట: దుకాణంలో కొన్న కొన్ని ఇనుప ఎరలకి మూడు కొక్కేల గుత్తి తగిలించి ఉంటుంది. దాన్ని తీసేసి ఒంటి కొక్కెం పెట్టాలి. ఇది ఇంట్లో చేసుకోవాల్సిన పని. రేవు మీద చీకట్లో, చలికి వేళ్లు బిగుసుకుపోయినప్పుడు కుదరదు.

మొదటి దారి: రేవులూ ఒడ్డులూ

తక్కువ ఖర్చు, తక్కువ తలనొప్పి. ఉప్పునీటి లైసెన్సు, ఉంచుకున్న చేపల్ని రాసే క్యాచ్ రికార్డ్ కార్డు, ఒక గాలం, ఒక ఎర ఉంటే బయల్దేరొచ్చు. ఎడ్మండ్స్ రేవు, వెస్ట్ సియాటెల్‌లో సీక్రెస్ట్ రేవు, టకోమాలో లెస్ డేవిస్, డాష్ పాయింట్ రేవులు అందరికీ తెలిసినవే. ఒడ్డునుంచి అయితే హాన్స్‌విల్ దగ్గర పాయింట్ నో పాయింట్, విడ్బీ దీవిలో బుష్ పాయింట్, లగూన్ పాయింట్, నగరంలోనే లింకన్ పార్క్. చుట్టూ ఉన్న ఏరియా (నిబంధనల కోసం విడగొట్టిన సముద్రభాగం) మూసి ఉన్నా కొన్ని రేవుల్లో సాల్మన్ తెరిచి ఉంటుంది, వాటికి పుస్తకంలో వేరే వరుస ఉంటుంది. ఏరియా పేజీ ఒక్కటే చదివి ఆగిపోతే అది మీ కంట పడదు.

ఈ దారికి అసలైన ఏడు బేసి సంవత్సరం. పుగెట్ సౌండ్‌కి పింక్ సాల్మన్ బేసి సంవత్సరాల్లోనే గుంపులుగా వస్తాయి. 2023, 2025 అలా వచ్చినవే, తర్వాతది 2027. పింక్ ఒడ్డుకి దగ్గరగా ఈదుతుంది, గులాబీ రంగు కనిపిస్తే కొడుతుంది, హ్యాచరీదా వైల్డా అన్న గొడవ సాధారణంగా ఉండదు. బాగా వచ్చే ఏడు కొన్ని ఏరియాల్లో రోజువారీ పరిమితికి పైన అదనంగా పింక్‌లు ఉంచుకోనిస్తారు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకీ పిల్లలకీ ఇంతకంటే మంచి బడి లేదు. ఎనిమిదిన్నర, తొమ్మిది అడుగుల గాలం, 10-12 పౌన్ల తంతి, ఒకటిన్నర ఔన్సు గులాబీ రంగు బజ్ బాంబ్ అనే ఇనుప ఎర చాలు. దూరంగా విసిరి, కొన్ని సెకన్లు మునగనిచ్చి, గాలం కొన ఒక్కసారి పైకెత్తి, దించుతూ తంతి చుట్టండి. చేప ఎక్కువగా ఎర కిందికి జారేటప్పుడే పట్టుకుంటుంది, అందుకని దించేటప్పుడు తంతి మరీ వదులు చెయ్యకండి. పోటు నీళ్లు ఎక్కుతున్న సమయమూ, తెల్లవారే సమయమూ కలిసిన రోజు చూసుకుని వెళ్లండి.

సరి సంవత్సరంలో మాత్రం ఒడ్డు ఓపికను పరీక్షిస్తుంది. ఆగస్టు చివరినుంచి అక్టోబరు దాకా కోహో వస్తాయి కానీ దూరదూరంగా.

రేవుకి ఒక లోటు ఉంది. నీటికి పదీ పదిహేను అడుగుల ఎత్తులో నిలబడి అడిపోస్ ఫిన్ చూడటం కష్టం. చేపని తంతితో పైకి లాగి చూడటం మరీ తప్పు, దవడ చిరుగుతుంది, వదిలినా బతకదు. తాడుకు కట్టిన గుండ్రటి వలని కిందికి దించి, చేపని దాని మీదికి నడిపించి, వల నీళ్లలో ఉండగానే చూడాలి. పక్కవాళ్ల సాయం కావాలి. అడగండి, రేవు మీద వల పట్టడానికి కాదనేవాళ్లు అరుదు. పెద్ద చినూక్ పడి, అది ఉంచుకునేది కాదని తెలిసిపోతే తంతిని వీలైనంత కిందికి కోసెయ్యడం నయం.

రెండో దారి: పుగెట్ సౌండ్‌లో పడవ

చేపలు ఎక్కువ, నిబంధనలూ ఎక్కువ. తప్పు చేసే అవకాశం అన్నిటికంటే ఇక్కడే ఎక్కువ కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం.

మొదట గీతలు. వాషింగ్టన్ ఉప్పునీళ్లని 1 నుంచి 13 దాకా మెరైన్ ఏరియాలుగా విడగొట్టారు. 1 నుంచి 4 దాకా బయటి సముద్రం, మిగతావి లోపలివి. సియాటెల్ వాళ్లకి తగిలేవి ఎక్కువగా మూడు: అడ్మిరల్టీ ఇన్‌లెట్ 9, సియాటెల్-బ్రెమర్టన్ 10, టకోమా-వాషన్ 11. ఎవరెట్ నుంచి దిగితే మొదట తగిలేది 8-2. ఎడ్మండ్స్ దక్షిణాన ఎడ్వర్డ్స్ పాయింట్ నుంచి అవతలి ఒడ్డున యాపిల్ కోవ్ పాయింట్ దాకా గీసిన గీతే 9కీ 10కీ హద్దు. ఎడ్మండ్స్‌లో దిగి ఆటుపోట్లతో కొట్టుకుపోతూ ట్రోలింగ్ (కదిలే పడవ వెనక ఎరని లాగడం) చేస్తే అరగంటలో మీకు తెలియకుండానే ఏరియా మారిపోతారు. ఒకదాంట్లో ఏ కోహో అయినా ఉంచుకోవచ్చు, ఇంకోదాంట్లో హ్యాచరీ కోహో మాత్రమే అన్న ఏడాది, మీ పెట్టెలోని చేప ఏ వైపు పడిందో నిరూపించడం మీ వల్ల కాదు. ఫోన్ మ్యాపులో ఆ గీతని ముందే గుర్తు పెట్టుకోండి. ఒక ఏరియాలో ఉంచుకున్న చేప అవతలి ఏరియాలో చెల్లనిదైతే, అది పడవలో ఉండగా అవతల గాలం వేయకండి.

తర్వాత సీజన్. వేసవి చినూక్ జూలై మధ్యలో తెరుస్తారు, కోటా ఉన్నంతవరకే. కొన్ని ఏళ్లలో కొన్ని ఏరియాల్లో అది రోజుల మీద అయిపోయింది. ఇందులో కొత్తవాళ్లకి తట్టని విషయం ఒకటుంది: లెక్కలోకి వచ్చేవి ఉంచుకున్న చేపలే కాదు. కొలత తక్కువై వదిలిన చినూక్‌లూ, వైల్డ్ అని వదిలిన చినూక్‌లూ కూడా అంచనా లెక్కలో చేరతాయి, ఆ హద్దు నిండినా సీజన్ మూసేస్తారు. పడవ దించే చోట ప్యాడ్ పట్టుకుని ఎన్ని వదిలారని అడిగే మనిషి ఆ లెక్క కోసమే అడుగుతున్నాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పండి. చేప ముక్కులో సన్నటి గుర్తు తీగ ఉందేమో అని ఒక కడ్డీ పెట్టి చూస్తారు, ఉంటే తలభాగం అడుగుతారు, ఇవ్వండి.

పుగెట్ సౌండ్‌లో చినూక్‌కి కనీస కొలత సాధారణంగా 22 అంగుళాలు. ముక్కు కొసనుంచి తోక చివరి కొసదాకా కొలుస్తారు, చేపని పక్కకి పడుకోబెట్టి. తోక చివరి కొసదాకా అన్న మాట గుర్తుంచుకోండి, కెనడాలో లెక్క వేరు. చిన్న చినూక్‌లు వరసగా పడుతున్నాయంటే అక్కడ ఆగకండి. లోతు మార్చండి, లేదా చోటు మార్చండి. వదిలిన ప్రతి చేపా బతుకుతుందనుకోవడం మన భ్రమ.

కోహో కోసమైతే సెప్టెంబరు మంచిది. పొద్దున్నే 30-60 అడుగుల లోతులో, ఎండెక్కాక ఇంకాస్త కిందికి. చేపని ఆకర్షించే 11 అంగుళాల తళుకు రేకు, అంటే ఫ్లాషర్, దాని వెనక మూడు, మూడున్నర అడుగుల తంతి, చివర స్పూన్ అనే చిన్న రేకు ఎర. పొసెషన్ బార్ ఏరియా 9లో, జెఫర్సన్ హెడ్ ఏరియా 10లో ఉన్నాయి. రెండు చోట్లా జనం ఎక్కువే, ట్రోలింగ్ చేసేటప్పుడు అందరూ పోతున్న దిక్కునే పోండి.

పడవ నడిపే అర్హత ఇంకో సంగతి. 15 హార్స్‌పవర్, అంతకు మించిన మోటారు పడవ నడపాలంటే బోటర్ ఎడ్యుకేషన్ కార్డు కావాలి. 1955 జనవరి 1కి ముందు పుట్టినవాళ్లకి మినహాయింపు. 19 అడుగులకంటే చిన్న పడవలో 12 ఏళ్లు, అంతకు లోపు పిల్లలు లైఫ్ జాకెట్ వేసుకునే ఉండాలి. పడవలో ఎక్కడో ఉంటే చాలదు. 2025 జనవరి నుంచి ఇక్కడి సదరన్ రెసిడెంట్ ఓర్కా తిమింగలాలకి వెయ్యి గజాల దూరం పాటించాలి. నల్లటి వీపు రెక్కలు కనిపిస్తే ఆ వైపు ట్రోలింగ్ ఆపి తప్పుకోండి.

నలుగురు కలిసి పడవ కొనే ఆలోచనలో ఉంటే మా మాట: మొదటి సీజన్ మొత్తం తెలిసినవాళ్ల పడవలో వెళ్లండి. చేప పక్కకి రాగానే పడవలో అందరూ ఒక్కసారి వల వైపు దూకుతారు, నిబంధన తప్పేది ఆ పది సెకన్లలోనే. వల ఎవరిది, రెక్క చూసేది ఎవరు అన్నది ఒడ్డునే తేల్చుకున్న పడవలో ఆ గందరగోళం ఉండదు.

మూడో దారి: వెస్ట్‌పోర్ట్, ఇల్వాకో చార్టర్లు

చార్టర్ అంటే సిబ్బందితో సహా డబ్బు కట్టి ఎక్కే పడవ, వెళ్లేది బయటి సముద్రం మీదికి. సియాటెల్ నుంచి వెస్ట్‌పోర్ట్‌కి రెండున్నర గంటల దారి. అది ఏరియా 2, కొలంబియా నది ముఖద్వారం దగ్గర ఇల్వాకో ఏరియా 1. సీజన్ సాధారణంగా జూన్ ఆఖర్లో మొదలై, చినూక్‌కీ కోహోకీ వేరువేరు కోటాలు నిండేదాకా సాగుతుంది. చాలా ఏళ్లుగా రోజుకి రెండు సాల్మన్, కోహో అయితే అడిపోస్ ఫిన్ కత్తిరించినదే ఉండాలి. చినూక్‌కి సముద్రంలో ఆ షరతు ఉండకపోవడం మామూలే. పుగెట్ సౌండ్‌లో అలవాటైనవాళ్లకి ఇది తలకిందులుగా తోస్తుంది, ఆ ఏటి ఏరియా పేజీ చూసి ఖాయం చేసుకోండి.

నిబంధనల భారం మోసేది ఇక్కడ చాలామటుకు పడవ సిబ్బందే. రకం చూసేది, రెక్క చూసేది, కొలిచేది, వదిలేది వాళ్లే. గాలం, ఎర వాళ్లవే. లైసెన్సు మాత్రం ఎవరిది వాళ్లే కొనాలి, ఒకరోజు లైసెన్సు ఎక్కువగా చార్టర్ ఆఫీసులోనే దొరుకుతుంది. కార్డు నింపే బాధ్యతా మీదే. ఇండియా నుంచి అమ్మానాన్నా వచ్చి ఉంటే, వాళ్లతో సాల్మన్ పట్టించాలనుకుంటే ఇదే తగిన దారి. అయితే 70 ఏళ్లు దాటినవాళ్లకిచ్చే తగ్గింపు లైసెన్సు వాషింగ్టన్ నివాసులకే. వాళ్లకి బయటివాళ్ల ఒకరోజు లైసెన్సు తీసుకోండి. 90 రోజులుగా ఇక్కడే స్థిరంగా ఉంటున్న మీకు నివాసి ధర వర్తిస్తుంది. 2025 జూలై నుంచి రుసుములు పెరిగాయి, పాత ధర గుర్తుపెట్టుకుని లెక్క వేసుకోకండి.

ఇబ్బంది అల్లా అలలతోనే. రేవు దాటి సముద్రంలోకి వెళ్లే చోట నది నీళ్లూ సముద్రపు అలలూ ఢీకొంటాయి. దాన్ని బార్ అంటారు. కొలంబియా బార్‌ని పసిఫిక్ శ్మశానం అనేది ఊరికే కాదు. అల పెద్దదైతే కోస్ట్‌గార్డ్ బార్ మూసేస్తుంది, ఆ రోజు యాత్ర రద్దు. కడుపులో తిప్పే అలవాటున్నవాళ్లు మాత్ర ముందు రోజు రాత్రి ఒకటి, పొద్దున ఒకటి వేసుకుంటారు, అలలు మొదలయ్యాక మింగితే పని చెయ్యదు. డాక్టరుని అడిగి వేసుకోండి. పులిహోర పొట్లం తీసుకెళ్తే తిరుగుప్రయాణానికి దాచుకోవడం మంచిది.

నాలుగో దారి: బ్రిటిష్ కొలంబియా

ఇది రెండు గుంపులకి. వాంకూవర్, సర్రేలో ఉండే తెలుగువాళ్లకి ఇదే ఇంటి సముద్రం. సియాటెల్ నుంచి వెళ్లేవాళ్లకి మాత్రం చేపల నిబంధనలకంటే ముందు సరిహద్దు నిబంధనలుంటాయి. భారతీయ పాస్‌పోర్టు, హెచ్-1బి ఉన్నవాళ్లకి కెనడా వీసా కావాలి. గ్రీన్‌కార్డు ఉంటే వీసా అక్కర్లేదు, కార్డూ పాస్‌పోర్టూ చాలు. అమెరికా వీసా ముద్ర గడువు తీరినవాళ్లు చెల్లుబాటయ్యే ఐ-94తో 30 రోజుల్లోపు తిరిగి రావడానికి వీలుంది, దానికీ షరతులున్నాయి. రెండు చేపల కోసం అంత రిస్కు ఎందుకో బయల్దేరే ముందే ఆలోచించండి, లాయరుని అడగండి.

లైసెన్సు ఇచ్చేది ఫెడరల్ మత్స్యశాఖ, ఆన్‌లైన్‌లో. పేరు టైడల్ వాటర్స్ లైసెన్సు. ఏట్లో గాలం వేయాలంటే ప్రావిన్సుది వేరే. సాల్మన్ ఉంచుకోవాలంటే లైసెన్సుతో పాటు సాల్మన్ కన్జర్వేషన్ స్టాంపు కూడా కొనాలి. ఈ స్టాంపు మర్చిపోయి, చేప పట్టాక గుర్తొచ్చి తలపట్టుకునేవాళ్లు ప్రతి వేసవీ ఉంటారు. పిల్లల విషయంలో తేడా చూడండి: వాషింగ్టన్‌లో 15 ఏళ్లలోపు వాళ్లకి లైసెన్సు అక్కర్లేదు కానీ సాల్మన్‌కి కార్డు కావాలి. కెనడాలో 16 ఏళ్లలోపు వాళ్లకీ లైసెన్సు కావాలి, అది ఉచితం.

కొలత విషయానికొస్తే, కెనడాలో ముక్కు కొసనుంచి తోక చీలిక లోపలి మలుపు దాకానే కొలుస్తారు. జార్జియా జలసంధిలో చినూక్‌కి కనీసం 62 సెంటీమీటర్లు, వాంకూవర్ దీవి పడమటి తీరంలో 45. వాషింగ్టన్ అలవాటు కొద్దీ తోక చివరిదాకా కొలిచి 63 వచ్చిందని ఉంచుకుంటే, అధికారి కొలిచేసరికి అది 60 కూడా ఉండకపోవచ్చు.

దక్షిణ తీరంలో ఫ్రేజర్ నది చినూక్‌ల కోసం 2019 నుంచి చాలాచోట్ల ఏప్రిల్ 1 నుంచి జూలై మధ్య దాకా చినూక్ ఉంచుకోనివ్వడం లేదు. అందుకే జూన్‌లో విక్టోరియా ప్రయాణం పెట్టుకుని, పోర్ట్ ఏంజలస్ నుంచి కోహో అనే పేరున్న ఫెర్రీ ఎక్కి వెళ్లినా, చినూక్‌ల మాట మర్చిపోవాల్సిందే. పడమటి తీరంలో పోర్ట్ ఆల్బర్నీ, బార్క్‌లీ సౌండ్ వైపు, అంటే ఏరియా 23, నిబంధనలు వేరుగా, ఎక్కువసార్లు ఉదారంగా ఉంటాయి. ఉంచుకున్న ప్రతి చినూక్‌నీ వెంటనే లైసెన్సు మీద రాయాలి, ఏడాదికి చినూక్‌ల పరిమితి 2019లో 10కి తగ్గించారు. ఇంటికి తీసుకెళ్లేలోపు దగ్గర ఉంచుకోగలిగింది రోజు పరిమితికి రెట్టింపు.

పడవ వేసుకెళ్లేవాళ్లు తరచు ఇరుక్కునేది రాక్‌ఫిష్ రక్షిత ప్రాంతాల్లో. పేరు చూసి, మనం పట్టేది సాల్మన్ కదా అనుకుంటారు. కానీ అక్కడ గాలంతో రెక్కలున్న ఏ చేపా పట్టకూడదు, సాల్మన్ ట్రోలింగ్ కూడా. మ్యాపు దగ్గర ఉంచుకోండి.

కాలిఫోర్నియాలో ఉండేవాళ్లకి ఒక్క మాట: అక్కడ సముద్రంలో సాల్మన్ 2023, 2024ల్లో పూర్తిగా మూసేశారు, 2025లో కొద్ది రోజులే తెరిచారు. ఉత్తరానికి రావడమే మేలనుకుంటే వెస్ట్‌పోర్ట్ సులువు.

ఎవరికి ఏది

పిల్లలతో, తక్కువ ఖర్చుతో నేర్చుకోవాలంటే బేసి సంవత్సరం ఆగస్టులో ఒడ్డు. దీనికి సాటి లేదు. సరి సంవత్సరమైతే, ఏడాదికి ఒక్కసారే వెళ్తారైతే, లేదా ఊరినుంచి వచ్చిన పెద్దవాళ్లతో అయితే వెస్ట్‌పోర్ట్ చార్టర్. వారం వారం వెళ్లే తీరికా, ఎమర్జెన్సీ మార్పులు చదివే ఓపికా ఉంటేనే పుగెట్ సౌండ్‌లో సొంత పడవ. ఆ ఓపిక లేనివాళ్లకి పడవ కొనమని మేము చెప్పం, ఎంత మంచి ధరకి వచ్చినా సరే. కెనడా అక్కడ ఉండేవాళ్లకీ, గ్రీన్‌కార్డుతో నాలుగైదు రోజుల సెలవు తీసుకుని పడమటి తీరానికి వెళ్లగలిగినవాళ్లకీ.

బయల్దేరే ముందు రాత్రి

వాషింగ్టన్ మత్స్యశాఖ వెబ్‌సైట్‌లో, లేదా ఫిష్ వాషింగ్టన్ యాప్‌లో, మీ ఏరియా ఎమర్జెన్సీ నిబంధనలు చూడండి. పుస్తకంలో తెరిచి ఉందని ఉన్నా, ఎమర్జెన్సీ ప్రకటన మూసి ఉందంటే మూసినట్టే. కెనడాలో ఫిషరీ నోటీసులు ఈమెయిల్‌కి వచ్చేలా పెట్టుకోవచ్చు. గాలం చేత్తో పట్టి తంతి చుట్టే ప్రతి ఒక్కరికీ లైసెన్సు ఉందో లేదో లెక్కపెట్టుకోండి. ఒక్క నిమిషం పట్టుకోమని బావమరిదికి ఇచ్చినా అతనూ చేపలు పడుతున్నట్టే.

కార్డుతో పాటు బాల్‌పెన్ను జిప్ కవర్లో పెట్టండి. పెన్సిల్ కాదు, ఇంకుతోనే రాయాలి. చేప ఉంచుకున్న క్షణమే తేదీ, ఏరియా, రకం, రెక్క ఉందా లేదా నింపాలి, మళ్లీ గాలం నీళ్లలో వేసేలోపు. ఒడ్డుకొచ్చాక రాద్దామనుకున్న కార్డు ఖాళీ కార్డు కిందే లెక్క. చేపని పడవలో ముక్కలు చెయ్యకండి. రకం, కొలత, రెక్క మచ్చ ఇంటికి చేరేదాకా కనిపించాలి. మొప్పలు కోసి రక్తం కారనిచ్చి, పొట్ట శుభ్రం చేసి ఐసులో పెట్టడం వరకే.

సీజన్ అయిపోయాక కార్డుని డ్రాయర్లో పడేసి మర్చిపోతారు. వాషింగ్టన్ సాల్మన్ కార్డు వివరాలు ఏప్రిల్ 30 లోపు పంపాలి, ఆన్‌లైన్‌లో ఐదు నిమిషాల పని. ఒక్క చేప పట్టకపోయినా, అసలు వెళ్లకపోయినా, సున్నా అని రాసి పంపాలి.